తగ్గింపు

గుంటూరులో ఏప్రిల్ నెల.
గాలిక్కూడా కారం అంటుకునే రోజులు.
ఏటుకూరు రోడ్డు పక్క మా చిన్న గుడిలో
మూడో వరస బల్లల మీద తిరిగే ఫ్యాను నాది.
నాది అంటే, నేనిచ్చింది.
రెక్కకో ముక్క చొప్పున రాయించాను:
దాత. మేడికొండ. జకర్యా.
పెద్దక్షరాలా చిన్నవా, అడిగాడు పెయింటరు.
కింద నుంచి కనపడాలిగా, అన్నాను.

ఫ్యాను తిరిగితే పేరు కనపడదని
అప్పుడు తోచలేదు.
కరెంటు పోతేనే నేను కనపడతాను,
అందరికీ చెమటలు పడుతుంటే.

ఆరాధన అయ్యాక కానుకలు లెక్కపెట్టేదీ నేనే.
సంచి బల్ల మీద గుమ్మరిస్తే
నోట్ల మధ్య ఒక ఇరవై నోటు,
నాలుగు మడతలు, మడతల్లో ఎర్రటి దుమ్ము.
తుమ్ము వచ్చేది.
తుమ్ము వస్తే కేజియమ్మ కానుక వేసిందని గుర్తు.
కవరు లేదు, కవరు మీద పేరు లేదు.
చీటీలో 'ఇతరములు' కింద రాసేవాణ్ణి.

కేజియమ్మ నాకు వారం పొడుగునా తెలుసు.
కోల్డ్ స్టోరేజీ షెడ్డులో మిరపకాయల తొడిమలు తీస్తుంది.
కిలోకి ఇంతని కూలి.
కాటా దగ్గర పుస్తకం పట్టుకు కూచునేది నేను.
ముల్లు ముప్ఫై రెండు చూపిస్తే
ముప్ఫై ఒకటి రాస్తాను.
మట్టికి, తేమకి, గోనెసంచికి.
ఆ గడికి మా పుస్తకంలో పేరు: తగ్గింపు.
అందులో సగం షావుకారికి.
మిగతా సగానికి రెక్కలొచ్చాయి.
మూడు.

మట్టల ఆదివారం నాడు అయ్యగారు
తగ్గింపు గురించే చెప్పారు.
గాడిద మీద ఊళ్లోకొచ్చిన రాజు,
నడుముకి తువ్వాలు చుట్టుకుని కాళ్లు కడిగిన రాజు.
"మన దగ్గర ఎంత తగ్గింపు ఉంది?"
అందరూ తలలు దించారు.
నేను మనసులో లెక్క చెప్పాను:
సంచికి కిలో.

అప్పుడే కరెంటు పోయింది.
ఫ్యాను మెల్లగా, ఇంకా మెల్లగా,
ఆగేసరికి నా ఇంటిపేరున్న రెక్క
సరిగ్గా కేజియమ్మ నెత్తి మీద.
ఆమె పైకి చూడలేదు. చూసినా చదవడం రాదు.
పక్కన ఎవరిదో చంటిబిడ్డ గుక్కపట్టింది.
కొంగు తీసి విసరబోయి,
కారపు కొంగని గుర్తొచ్చి ఆగి,
పక్కామె చేతిలో పాటల పుస్తకం అడిగి తీసుకుంది.
దాంతో విసిరింది చివరి ప్రార్థన దాకా.
పుస్తకం తలకిందులుగా ఉంది.
బిడ్డ నిద్రపోయింది.

మంగళవారం సాయంత్రం, గుడిలో ఎవరూ లేనప్పుడు,
నిచ్చెనా, కిరసనాయిలు గుడ్డా పట్టుకెళ్లాను.
'దాత' తుడిచాను.
'మేడికొండ' సగం తుడిచి ఆగాను.
ఆదివారం అందరూ చూస్తారు.
పేరు చెరిపేసుకున్నాడు, ఎంత తగ్గింపు మనిషి, అంటారు.
అది వినడానికి నా చెవులు అప్పుడే నిక్కాయి.
నిచ్చెన మీద నిలబడి సిగ్గుపడ్డాను,
నేల మీద ఎన్నడూ పడనంత.
దిగి వచ్చేశాను.
ఇప్పుడా రెక్క మీద 'కొండ' మాత్రం ఉంది.

మర్నాడు కాటా ముల్లు ముప్ఫై నాలుగు.
ముప్ఫై నాలుగు రాశాను.
తగ్గింపు గడిలో సున్నా చుట్టడానికి
కలం బరువెక్కింది.
షావుకారికి ఏం చెప్పాలో ఇంకా తెలీదు.
కేజియమ్మ డబ్బు లెక్కపెట్టుకుంది.
చదువు రాదు గానీ లెక్క వచ్చు.
రెండోసారి లెక్కపెట్టి
కొంత తీసి నా పుస్తకం మీద పెట్టింది.
"ఎక్కువ పడ్డయ్యయ్యా. నీ జీతంలో కోత్తారు."

ఎక్కువ కాదమ్మా అనాలి.
అంటే మిగతాది కూడా చెప్పాలి,
మూడేళ్లది, సంచి సంచికీ.
గొంతు దాకా వచ్చింది.
వచ్చింది తుమ్ము.
"సల్లగుండు నాయనా" అంది.

పుస్తకం మూసి లేచాను.
కాటా దగ్గర ఆడకూలీల ముందు
నేను లేచి నిలబడడం అదే మొదలు.
నా కుర్చీ ఆమె వైపు జరిపాను.
"కేజియమ్మా, కూచో.
కొంచెం పెద్ద లెక్కుంది."